అబ్బా దిల్‌కి పన్ను డాక్టరు దవా

మా అబ్బాకి జిందగీ మొత్తంలో పళ్ల డాక్టరుతో ఒక్కసారే పని పడింది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు దవడ పన్ను పీకించుకుని వచ్చారు. బుగ్గ సున్న్ అయిపోయి ఉంది. అలాగే చాయ్ తాగబోతే సగం గడ్డం మీదుగా కారి తెల్ల కుర్తా మీద పడింది. ఆయన దర్జీ. బట్ట మీద మరక పడితే ఆయనకి ప్రాణం మీదికి వచ్చినట్టే. "నా మూతి నాది కాకుండా పోయింది" అని సాయంత్రం దాకా విసుక్కున్నారు. పిల్లలం మేం మూల గదిలోకి పోయి నవ్వుకున్నాం.

ఇన్నేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానా ఐసీయూ బయట నిలబడి ఉండగా నాకు ఆ చాయ్ మరక గుర్తొచ్చింది. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ బయటికొచ్చి, "అమియోడరోన్‌తో పూర్తిగా ఆగలేదమ్మా, లిగ్నోకెయిన్ డ్రిప్ మొదలుపెడుతున్నాం" అంది.

"అంటే ఏం దవా మేడమ్?"

"పన్ను పీకే ముందు చిగురుకి ఇంజెక్షన్ వేస్తారు కదా, అదే."

అమ్మీ నా మొహంలోకి చూసింది. పన్ను డాక్టరు దవా దిల్‌కా? చేతిలో తస్బీ ఆగిపోయింది.

ముందు సంగతి చెప్పాలి. ఆరేళ్ల కింద అబ్బాకి హార్ట్ ఎటాక్ వచ్చింది. స్టెంట్ వేశారు, అల్లా దయవల్ల బతికి బట్టకట్టారు. కానీ రక్తం అందక చచ్చిపోయిన గుండె కండరం మళ్లీ పుట్టదు. ఆ చోట మచ్చ మిగులుతుంది. పాత షేర్వాణీకి వేసిన రఫూ లాంటిది. పైకి చిరుగు కనపడదు గానీ ఆ చోట బట్ట సాగదు. గుండెని కొట్టుకోమని చెప్పే కరెంటు ఆ మచ్చలోంచి నేరుగా పోలేదు. మచ్చ మధ్యలో బతికి మిగిలిన సన్నని పోగుల గుండా నెమ్మదిగా పాకుతుంది. అది అవతలి కొసకి చేరేసరికి ఇవతలి కండరం అలసట తీర్చుకుని మళ్లీ తయారుగా ఉంటే, కరెంటు వెనక్కి మళ్లి మళ్లీ అదే దారి పడుతుంది. ఇక మచ్చ చుట్టూ గిరగిరా తిరగడమే. నిమిషానికి 70 సార్లు కొట్టుకోవాల్సిన గుండె 180, 200 సార్లు కొట్టుకుంటుంది. నిండటానికే దానికి ఫుర్సత్ ఉండదు, ఇక రక్తం ఏం పంపుతుంది? దీన్నే డాక్టర్లు వీటీ అంటారు. ఆపకపోతే ప్రాణమే పోవచ్చు.

రెండేళ్ల కింద ఒకసారి ఇలా అయినప్పుడే అబ్బాకి ఎడమ భుజం కింద, చర్మం లోపల ఐసీడీ అనే చిన్న డబ్బా పెట్టారు. లయ చెడితే అది ముందు తానే వేగంగా నాలుగు దెబ్బలు కొట్టి గుండెని దారికి తేవాలని చూస్తుంది. వినకపోతే షాక్ ఇస్తుంది. ఆ జనవరి రాత్రి ఇషా నమాజ్ తర్వాత గంటలో నాలుగు షాకులు కొట్టింది. ప్రతిసారీ గుండె దారికి రావడం, కాసేపటికి మళ్లీ తప్పడం. "ఛాతీలో గుర్రం తన్నుతోంది" అన్నారు. నాలుగో షాక్ తర్వాత అమ్మీ చెయ్యి పట్టుకుని కలిమా చదవడం మొదలుపెట్టారు. నంద్యాల నుంచి కర్నూలుకి ఒక అంబులెన్స్, అక్కణ్ణించి హైదరాబాద్‌కి ఇంకొకటి.

ఫజ్ర్ వేళకి లయ నిలబడింది. నన్ను లోపలికి పంపారు. మానిటర్ మీద గీత కుదురుగా సాగుతోంది. అబ్బా కళ్లు తెరిచి, నెమ్మదిగా అన్నారు: "పెదాల చుట్టూ చీమలు పాకుతున్నాయి బేటా. మళ్లా ఆ పన్ను పీకిన రోజు మాదిరే ఉంది. దిల్ భీ సున్న్ హోజాతా క్యా? అది సున్న్ అయిపోతే ఇక కొట్టుకునేది ఎట్లా?"

నేను వెంటనే నర్సుకి చెప్పాను. ఆమె డాక్టరమ్మని పిలిచింది, డ్రిప్ వేగం తగ్గించారు. పెదాల తిమ్మిరి అంటే దవా మోతాదు మించుతోందని ఒళ్లు పంపే మొదటి ఖబరట. దాన్ని వదిలేస్తే మాట ముద్దగా రావడం, మతి తప్పడం, ఫిట్స్ దాకా పోవచ్చట. మీ వాళ్లు ఎవరైనా ఈ డ్రిప్ మీద ఉండి పెదాలు, నాలుక తిమ్మిరి అంటే, "ఏదో అంటున్నారులే" అని ఊరుకోకండి.

అబ్బా అడిగిన సవాల్ మాత్రం నన్ను వదల్లేదు. పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు అదే అడిగాను. ఆయన నవ్వలేదు. కేస్ షీట్ వెనక పెన్నుతో ఒక గుండ్రం గీసి, దాని గోడకి ఒక తలుపు పెట్టారు.

"ఇది గుండె కణం అనుకోండి. ఈ తలుపులోంచి సోడియం లోపలికి దూసుకొస్తేనే కరెంటు పుడుతుంది. నరంలోనూ ఇలాంటి తలుపే ఉంటుంది. చిగురు దగ్గర నరానికి ఈ దవా పోస్తే తలుపులు మూసుకుపోతాయి, నొప్పి ఖబర్ మెదడుకి పోదు. అదే సున్న్. కానీ పన్ను డాక్టరు వాడే 2 శాతం మందులో ఒక మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు ఉంటుంది. మీ నాన్నగారి రక్తంలో మేం ఉంచాలనుకునేది మిల్లీలీటరుకి 1.5 నుంచి 5 మైక్రోగ్రాములు. అంటే దానికన్నా వేల రెట్లు పలచన. ఆ పలచనలో గుండె సున్న్ అవ్వదు."

"అయితే పనెట్లా చేస్తుంది సార్?"

అప్పుడాయన చెప్పింది నాకు ఇప్పటికీ అజీబ్‌గా ఉంటుంది. ఆ తలుపుకి మూడు హాలత్‌లు ఉన్నాయట. మూసి ఉండటం, తెరుచుకోవడం, తెరుచుకున్న వెంటనే గడియ పడి కాసేపు పనిచేయకుండా ఉండటం. కణం హాయిగా విశ్రాంతిలో ఉన్నప్పుడు లిగ్నోకెయిన్ ఆ తలుపుని గట్టిగా పట్టుకోదు. తలుపు తెరుచుకున్నప్పుడు, గడియ పడ్డప్పుడు మాత్రం పట్టుకుంటుంది. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుంటే, ఒక ధడ్కన్‌కీ ఇంకో ధడ్కన్‌కీ మధ్య దవా వదిలేసి వెళ్లిపోవడానికి టైం దొరుకుతుంది. 180 సార్లు కొట్టుకుంటుంటే వదలడానికి టైమే ఉండదు. ధడ్కన్ తర్వాత ధడ్కన్‌కి పట్టు బిగుస్తుంది. రక్తం సరిగా అందక బేచైన్‌గా ఉన్న కణాల్లో గడియ పడ్డ తలుపులే ఎక్కువ కాబట్టి, అక్కడ పట్టు ఇంకా ఎక్కువ. అంటే కుదురుగా కొట్టుకుంటున్న కండరాన్ని దాదాపు ముట్టుకోదు. బేకాబూ అయిపోయిన చోటనే చెయ్యి వేస్తుంది. మచ్చ చుట్టూ తిరుగుతున్న కరెంటుకి ఆ సన్నని పోగుల్లో దారి మూసుకుపోతే, ఆ గిరగిరా ఆగిపోతుంది.

నేను అబ్బాకి ఇట్లా చెప్పాను: "క్లాసులో అల్లరి చేసేవాడి భుజం మీద మాత్రమే చెయ్యి వేసే టీచర్ లాంటిది అబ్బా. మిగతా పిల్లలు రాసుకుంటూనే ఉంటారు." నేను టీచర్నే కాబట్టి నాకు అదే తోచింది. అబ్బా కాసేపు ఆలోచించి, "అయితే సున్న్ కాదు, సుకూన్" అన్నారు.

ఇంటికొచ్చాక ఈ దవాల ఖాందాన్ గురించి చదివాను. వీటికీ ఒక షజ్రా ఉంది. అందరికన్నా పెద్దది కొకెయిన్. 1884లో వియన్నాలో కార్ల్ కొల్లర్ దాన్ని కంటి ఆపరేషన్‌లో నొప్పి తెలియకుండా వాడాడు. అలవాటు పడే బలా అందులో ఉంది కాబట్టి వేరే దవా కోసం వెతికారు. 1905లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ చేసిన ప్రొకెయిన్ వచ్చింది. 1936లో మాట్జ్ అనే అమెరికా సర్జన్ ఈ ప్రొకెయిన్‌ని గుండె మీద రాస్తే దాని చిరాకు తగ్గుతుందని గమనించాడు. కానీ రక్తంలోకి పోగానే ప్రొకెయిన్ నిమిషాల్లో విరిగిపోతుంది. దాని అణువులో విరిగే ఆ ఒక్క జోడు మార్చితే ఎక్కువసేపు నిలుస్తుందని కనిపెట్టారు. అలా 1950ల మొదట్లో ప్రొకెయినమైడ్ వచ్చింది. మత్తు సూది దవాకి పుట్టి, గుండె లయకే నౌకరీ చేసిన మొదటి ఔలాద్ అది. ఇప్పటికీ ఎమర్జెన్సీలో ఇంజెక్షన్‌గా వాడతారు. ఏళ్ల తరబడి మింగితే మాత్రం కొందరికి కీళ్ల నొప్పులు, జ్వరం వచ్చి లూపస్ లాంటి మర్జ్ పట్టుకుంటుంది. దవా మానేస్తే పోతుంది.

లిగ్నోకెయిన్ వేరే ఇంటి బిడ్డ. స్వీడన్‌లో బార్లీ మొక్కలోని ఒక పదార్థం మీద పనిచేస్తున్న కెమిస్టు, తాను తయారుచేసిన దాన్ని నాలుకకి అంటించుకుంటే నాలుక మొద్దుబారింది. ఆ దారిలోనే పోయి నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో లిగ్నోకెయిన్ చేశాడు. సైలోకెయిన్ అంటే మనలో చాలామందికి తెలిసిందే.

ఈ ఖాందాన్ కథలో ఒక చేదు సబక్ కూడా ఉంది. దాన్ని దాచకూడదు. హార్ట్ ఎటాక్ వచ్చి తగ్గినవాళ్లలో కొందరికి అప్పుడప్పుడూ అదనపు ధడ్కన్లు పడతాయి. అవి ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ అని డాక్టర్లకి తెలుసు. కాబట్టి వాటిని అణిచేస్తే మనిషి ఎక్కువ కాలం బతుకుతాడని అందరూ అనుకున్నారు. లెక్క సీదాగానే ఉంది కదా. అమెరికాలో దాన్ని పరీక్షించారు. సోడియం తలుపుల మీదే పనిచేసే ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే రెండు గట్టి దవాలు 755 మందికి ఇచ్చారు, 743 మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. దవా తీసుకున్నవాళ్ల ఈసీజీలో అదనపు ధడ్కన్లు తగ్గాయి, గీత సాఫ్‌గా కనపడింది. కానీ వాళ్లలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 26 మంది. 1989లో ఆ రెండు దవాలనీ ఆపేశారు. గీత అందంగా ఉండటం వేరు, మనిషి బతకడం వేరు. గుండె మచ్చ ఉన్న చోట కరెంటుని నెమ్మదింపజేసే దవాయే కొత్త చక్రం మొదలుపెట్టగలదు. హార్ట్ ఎటాక్ వచ్చిన ప్రతివాడికీ ముందుజాగ్రత్తగా లిగ్నోకెయిన్ ఎక్కించే ఒకప్పటి దస్తూర్ కూడా అందుకే పోయింది. దానివల్ల ప్రాణాలు మిగలలేదు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అప్పటికే అబ్బా ఈ ఖాందాన్‌లోని ఇంకో దవా మింగుతున్నారు.

లిగ్నోకెయిన్‌ని మాత్రగా ఇవ్వలేరు. మింగితే కడుపులోంచి నేరుగా కాలేయానికి పోతుంది, అక్కడ మొదటి చుట్టులోనే చాలా భాగం ఖతమ్. అందుకని దాని ఢాంచాని కొంచెం మార్చి, కాలేయాన్ని దాటగలిగేలా చేసిన దవా మెక్సిలెటిన్. పని అదే, మింగే వీలుంది. అబ్బాకి అమియోడరోన్‌తో పాటు ఇది కూడా రాశారు. ఎనిమిది గంటలకి ఒకటి, రోజుకి మూడు, కడుపులో ఏదైనా పడ్డాకే. నంద్యాలలో ఏ మెడికల్ షాపులోనూ దొరకలేదు. భాయీజాన్ హైదరాబాద్ నుంచి బస్సులో పంపేవాడు.

నా భయం డాక్టరు గారికి చెప్పాను. "చదివింది కరెక్టే" అన్నారు. "ఇది మీ నాన్నగారి ఆయుష్షు పెంచుతుందని నేను చెప్పను. ప్రాణం కాపాడేది లోపలున్న ఆ డబ్బా. ఈ మాత్ర పని షాకులు తగ్గించడం. గీత అందం కోసం ఇవ్వట్లేదు, ఆయన పడ్డ అవస్థ చూసి ఇస్తున్నాం. డబ్బా లేకపోతే ఇంత ధైర్యంగా ఇచ్చేవాణ్ణి కాదు."

షాకులు ఆగాయి. నెల రోజులు ఒక్కటీ లేదు. కానీ అబ్బా చేతులు వణకడం మొదలైంది. మామూలు మనిషికైతే చిన్న తకలీఫ్. దర్జీకి సూది కన్నులో దారం ఎక్కించలేకపోవడం అంటే ఏమిటో మా ఇంట్లో తెలుసు. కాజా కుట్టబోతే సూది పక్కకి పోయేది. ఎవరూ చూడట్లేదనుకుని ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకునేవారు.

అంతలో రమజాన్ వచ్చింది. దర్జీకి ఏడాది మొత్తం మీద కమాయీ ఆ నెలలోనే. ఈద్ కుర్తాలు, పిల్లల పఠానీ సూట్లు, బురఖాలు. ఈ సారి తక్కువ ఆర్డర్లు తీసుకోండని అమ్మీ అంది. ఆయన తలూపారు. రోజా సంగతి డాక్టరు గారిని ముందే అడగాల్సింది. నేను అడగలేదు. మధ్యాహ్నం మాత్ర ఉంది కాబట్టి అబ్బా ఈ ఏడు రోజా ఉండరని నాకు నేనే అనుకున్నాను. ఆ విషయం ఇంట్లో ఎవరమూ నోరు తెరిచి మాట్లాడలేదు. పెద్దాయన ముందు ఆ మాట ఎత్తడానికి జంకు.

అబ్బా రోజా ఉన్నారు. సహర్‌లో ఒక మాత్ర, ఇఫ్తార్ తర్వాత ఒకటి. మధ్యాహ్నం మాత్రని కాగితంలో చుట్టి మిషన్ సొరుగులో వేసేవారు. మధ్యలో పదమూడు గంటలు పైనే గడిచేది. ఆయన హిసాబ్ ఇదీ: రోజా దక్కుతుంది, మధ్యాహ్నానికి చెయ్యి వణుకు తగ్గుతుంది, ఆర్డర్లు పూర్తవుతాయి. నిజంగానే వణుకు తగ్గింది. నాకు చూపించారు కూడా, "చూడు, అలవాటైపోయింది" అని. నేను ఖుషీ పడ్డాను. బేవకూఫ్‌ని.

తొమ్మిదో రోజా. అసర్ అజాన్ అయింది. అబ్బా మిషన్ మీద ఉన్నారు. నేను మిర్చి బజ్జీకి శనగపిండి కలుపుతున్నాను. దుకాణంలోంచి ఒక కేక, స్టూలు పడిన చప్పుడు. నేను పోయేసరికి నేల మీద ఉన్నారు, స్పృహలోనే. "తన్నింది" అన్నారు. పెడల్ కింద సగం కుట్టిన చిన్న కుర్తా నలిగి ఉంది. ఒక్క షాక్‌తో పోయింది, అల్హందులిల్లా. కారెక్కించేటప్పుడు నాకు సొరుగు వైపు వేలు చూపించారు. తొమ్మిది చిన్న పొట్లాలు.

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన్ని ఏమనగలను? నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తొమ్మిది పొట్లాల్లో నా హిస్సా కూడా ఉంది.

డాక్టరు గారు గట్టిగానే అన్నారు. ఈ దవా రక్తంలో ఒక మట్టం దిగకుండా ఉంటేనే కాపలా. మట్టం పడిపోయిన గంటల్లో ఆ మచ్చకి ఎవరూ కాపలా లేరు. కొందరికి రెండు పూటలకి సర్దే వీలుంటుంది గానీ, షాకుల తుఫాను చూసిన ఈయన విషయంలో ఆ జూదం ఆడనన్నారు. తర్వాత, "వణుకు గురించి నాకెందుకు చెప్పలేదు?" అని అడిగారు. అబ్బా తల దించుకుని, "చిన్న విషయం కదా సాబ్" అన్నారు.

చిన్న విషయం కాదట. వణుకు ఒక్క మెక్సిలెటిన్‌దే కాదు, అమియోడరోన్ కూడా వణికిస్తుంది. మొదట్లో ఎక్కువ ఇచ్చిన అమియోడరోన్‌ని ఎలాగూ తగ్గించే టైం వచ్చింది, తగ్గించారు. ఇంకో మాట అడిగారు: "చాయ్ ఎన్నిసార్లు?" దుకాణంలో కూర్చునే దర్జీ, వచ్చిన ప్రతి గిరాకీతో ఒక కప్పు. ఏడో ఎనిమిదో. మెక్సిలెటిన్ మింగే మనిషి ఒంట్లోంచి చాయ్‌లోని కెఫీన్ తొందరగా పోదట, పేరుకుంటుంది. అది కూడా చేతిని వణికిస్తుంది. చాయ్ రెండుకి దిగింది. పది రోజుల్లో దారం సూదిలోకి ఎక్కింది. మొత్తం పోలేదు వణుకు, కానీ కాజా కుట్టగలిగారు. అడిగి ఉంటే జనవరిలోనే అయ్యేది ఈ పని.

రోజా సంగతి మిగిలింది. మసీదు ఇమామ్ సాబ్ ఇంటికొచ్చి అబ్బా పక్కన కూర్చున్నారు. బీమారుకి రుఖ్సత్ ఇచ్చింది అల్లాయే, దాన్ని తీసుకోవడంలో షర్మ్ ఏంటని అడిగారు. తగ్గే మర్జ్ అయితే తర్వాత ఖజా, తగ్గనిదైతే రోజుకొకరికి అన్నం పెట్టే ఫిద్యా. అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. "ఏడేళ్లప్పటి నుంచి ఒక్కటి వదల్లేదు సాబ్" అన్నారు చివరికి. ఆయన కళ్లల్లో నీళ్లు. గుండె షాక్‌లో కూడా నేను చూడని నీళ్లు.

మిగిలిన ఆ రమజాన్ అంతా మధ్యాహ్నం రెండింటికి వంటింట్లో తలుపు వేసుకుని రెండు ముద్దలు తిని మాత్ర వేసుకునేవారు. పిల్లలు చూడకూడదని. నేను పక్కనే నిలబడేదాన్ని. తొమ్మిది పొట్లాల తర్వాత ఆయన్ని నమ్మడం నాకూ కష్టమే, నన్ను అక్కడ చూడటం ఆయనకీ కష్టమే. ఫిద్యా లెక్క మాత్రం తన చేత్తోనే, కొలతల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నారు.

చదివేవాళ్లకి నా ఒక్క గుజారిష్. మీ ఇంట్లో గుండె లయకి దవా వాడే పెద్దవాళ్లు ఉంటే, రమజాన్‌కి నెల ముందే వాళ్లతో కూర్చుని మాట్లాడండి, వాళ్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏ మాత్ర మార్చవచ్చు, ఏది మార్చకూడదు ఆయన చెప్తారు. మీ అంతట మీరు పూటలు కలపకండి, ఆపకండి. మా అబ్బాకి సరిపోయిన దవా మీ అబ్బాకి సరిపోతుందనీ అనుకోకండి. ఈ ఖాందాన్ దవాలు సరైన చోట సుకూన్, తప్పు చోట ముసీబత్. వణుకో తిమ్మిరో ఉంటే "చిన్న విషయం" అనకుండా చెప్పమని అడగండి. అదబ్ పేరుతో మనం నోరు మూసుకుంటే వాళ్లూ మూసుకుంటారు.

ఈద్ ముందు రోజు ఆ నలిగిన చిన్న కుర్తాని అబ్బా విప్పి మళ్లీ కుట్టారు. నా కొడుకుదే అది. గుండీలు కుడుతూ నన్ను పిలిచి, "టైం ఎంతయింది బేటా?" అని అడిగారు. రెండుకి అయిదు నిమిషాలు తక్కువ. సూది బట్టకి గుచ్చి పెట్టి, తానే లేచి వంటింట్లోకి వెళ్లారు. ఆ రోజు తలుపు వేసుకోలేదు.